ఆ రోజు నేను ‘గో’ అన్నాను

అమెరికాలోని కాన్సాస్‌లో గడ్డికి నిప్పు పెట్టే ముందు పనిలో ఉన్నవాళ్లంతా గుండ్రంగా నిలబడతారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడుగుతారు. సరేననుకుంటే ‘గో’ అనాలి, వద్దనుకుంటే ‘నో’ అనాలి. తల ఊపితే కుదరదు, నోరు తెరిచి చెప్పాలి. ఏడుగురిలో ఆరుగురు గో అన్నా, ఒక్కరు నో అంటే అంతే. పైపులు చుట్టేసి, నీళ్ల ట్యాంకులు ట్రక్కులకెక్కించి అందరూ ఇళ్లకు పోవాల్సిందే. ఎందుకు వద్దన్నావని ఎవరూ అడగకూడదు. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి మాటకు కూడా అంతే విలువ.

మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ప్రకాశం జిల్లాలో ముహూర్తం పెట్టేటప్పుడు పెళ్లికూతుర్నే అడగరు, ఇక్కడ గడ్డి తగలబెట్టడానికి ఇంతమంది ఒప్పుకోవాలా అనుకున్నాను. అప్పుడు నవ్వినందుకు తర్వాత బాగానే అనుభవించాను.

అది 2009. ఇండియాలో అగ్రికల్చర్ బీఎస్సీ చేసి, ఎమ్మెస్‌కి వచ్చి ఏడాది కూడా కాలేదు. నా సబ్జెక్టు పచ్చిక భూములు, వాటి కింద మట్టి. నా రూమ్మేట్‌ది కరీంనగర్, కంప్యూటర్ సైన్స్. “అందరు కోడింగ్ నేర్చుకుంటుంటే నువ్వు గడ్డి మీద ఎమ్మెస్ చేస్తున్నవా? మీ నాయిన ఏమనలేదా?” అని వారానికోసారైనా అడిగేది. ఎందుకనలేదు, అన్నాడు. “గడ్డి పీకడానికి అంత దూరం పోవాలా” అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. మా ఇంట్లో పెద్దవాళ్లకు జవాబు చెప్పడం ఉండదు.

ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి చెప్పాను. మా పెదనాన్న వేరుశెనగ విత్తడానికి బయల్దేరుతుంటే, “ఈ వారం వాన లేదని రేడియోలో చెప్పారు పెదనాన్నా” అన్నాను. అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి తొడపాశం పెట్టింది. “పెద్దంతరం చిన్నంతరం లేదా నీకు?” అంది. వాన రాలేదు. విత్తనం మట్టిలోనే మాడిపోయింది. ఇంట్లో ఎవరూ నా మాట తలుచుకోలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు. తొడ మీద కమిలిన మచ్చ మాత్రం చాలా రోజులుంది.

మా ప్రొఫెసర్‌తో కలిసి మేము పనిచేసే పొలం యూనివర్సిటీకి నలభై మైళ్లు. యజమానికి డెబ్భై ఆరేళ్లు. పొడుగాటి మనిషి, ఎడమ చెంప మీద చెవి దగ్గర్నుంచి దవడ దాకా పాత ఆపరేషన్ మచ్చ. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆవులున్నాయి, గడ్డి ఉంది. నేను ఆయన్ని ‘సర్’ అనేదాన్ని. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పారో! ఆ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరెలా వస్తుంది? నేను సర్ అన్నప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగి చూసి, “మా నాన్న పోయి చాలా కాలమైంది అమ్మాయ్, ఆయన్నేనా పిలుస్తున్నావు?” అనేవారు.

ఆయన భూమి మూడు ముక్కలు. ఏడాదికొకటి తగలబెడతారు, మిగతా రెండూ అలాగే వదిలేస్తారు. కాలిన చోట లేత గడ్డి లేస్తుంది, ఆవులు దాని మీదికి పోతాయి. కాలని చోట పాత గడ్డి నడుమెత్తున ఉంటుంది, అందులో ప్రెయిరీ కోళ్లు, మన అడవికోళ్లలాంటివి, గుడ్లు పెట్టుకుంటాయి. అసలు నిప్పే పెట్టకపోతే సీడార్ చెట్లు మొలిచి, కొన్నేళ్లలో పచ్చికనంతా మింగేస్తాయి. ఇదంతా నాకు పుస్తకంలో చక్కగా అర్థమైంది. ఆ మార్చిలో పక్క పొలాలకు సాయం వెళ్లినప్పుడు, నిప్పు కళ్ల ముందు లేచాక మాత్రం ఒక్క ముక్క గుర్తుండేది కాదు.

మూడు ముక్కల్లో ఆయన ప్రాణమంతా కుంట పైనున్న ఏటవాలు మీదే. అది వాళ్ల నాన్న దున్నిన నేల. 1930ల్లో, ధూళి తుఫానుల ఏళ్లలో, ఆ వాలు మీది పైమట్టి గాలికి లేచి పోయిందట. వాళ్లమ్మ కిటికీలకు తడిగుడ్డలు కట్టేదట, అయినా పాలగిన్నెలో మట్టి తేలేదట. ఈయన పెద్దయ్యాక రోడ్ల పక్కన, శ్మశానాల అంచున మిగిలిన పాత గడ్డి గింజలు చేత్తో దూసి తెచ్చి అక్కడ చల్లారు. ఒక్క ఏడు కాదు, దాదాపు జీవితమంతా. ఒకరోజు పారతో తవ్వి నాకు చూపించారు. నల్లమట్టి జానెడు కూడా లేదు, కింద సున్నపురాయి. “ఇంతే ఉంది. ఇది కూడా పోతే మళ్లీ రాదు” అన్నారు.

ఆ ఏడు తగలబెట్టాల్సింది పడమటి ముక్క. దానికి తూర్పున, మంట దాటకుండా గడ్డి కోసి ఉంచిన పట్టీ. పట్టీకి అవతల ఏటవాలు. నా థీసిస్ అంతా ఆ ఏటవాలు మీదే. కాలని గడ్డిలో ఎన్ని కోళ్లు గూళ్లు పెడతాయో వెతికి లెక్కపెట్టాలి. ఏప్రిల్ నెలాఖరుకు రెండు గూళ్లు దొరికాయి. ఒకదాంట్లో పదకొండు గుడ్లు. పొద్దున్నే వెళ్లి దూరం నుంచి పెట్టను చూసి వచ్చిన రోజు నాకు టిఫిన్ కూడా గుర్తొచ్చేది కాదు.

నిప్పు పెట్టే రోజు నా పని గాలిలో తేమ చూడటం. రెండు థర్మామీటర్లు బిగించిన చిన్న పరికరం, అందులో ఒకదానికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. దాన్ని గిలక్కాయలా గిరగిరా తిప్పి, రెండు అంకెల తేడా చూస్తే తేమ తెలుస్తుంది. ముప్పై శాతానికి తగ్గితే వెలిగించకూడదని మా ప్లాన్‌లో రాసుకున్నాం.

తిప్పాను. ఇరవై ఎనిమిది. నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాను. తలెత్తితే ఆయన నా వైపే చూస్తున్నారు. ఏమంటావన్నట్టు కనుబొమలు ఎగరేశారు. అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. పక్క పొలాల వాళ్లిద్దరు పనులు మానుకొని వచ్చి నిలబడి ఉన్నారు. మా ప్రొఫెసర్ వాచీ చూసుకుంటున్నారు. ఇన్ని ముఖాల ముందు నేను ఇరవై ఎనిమిది అని ఎలా చెప్పను? ఇంకోసారి చూస్తానని కుంట గట్టు దగ్గరికి వెళ్లి, నీళ్ల పక్కన నిలబడి తిప్పాను. ముప్పై ఒకటి. నీళ్ల పక్కన తేమ ఎక్కువే చూపిస్తుంది. నాకు తెలియక కాదు, ఆ సెమిస్టరే పరీక్షలో రాసిన జవాబు అది. అయినా వెనక్కి వచ్చి, “ముప్పై ఒకటి” అని గట్టిగా చెప్పాను.

గుండ్రంగా నిలబడ్డాం. ఎప్పట్లాగే ఆయనే మొదట అన్నారు. “గో. ఇంతకన్నా ఎండిన రోజుల్లో తగలబెట్టాను.” ప్రొఫెసర్ గో అన్నారు. పక్క పొలాల వాళ్లు గో అన్నారు. నాతోటి విద్యార్థులిద్దరూ అన్నారు. నాది ఆఖరి వంతు. సరిగ్గా అప్పుడే గాలి మారింది. అప్పటిదాకా వీపుకు తగులుతున్నది ఎడమ చెంపకు తగిలింది. అంటే పడమటి నుంచి ఏటవాలు వైపు.

‘నో’ అని నోటిదాకా వచ్చింది. ఒట్టు, పళ్ల దాకా వచ్చింది. కానీ ఎవరి ముందు? ఆ నేల మీదే పుట్టి, ఆ నేల మీదే ముసలైన మనిషి గో అన్నాక, పాఠం చెప్పే గురువు గో అన్నాక, మధ్యలో నేనెవర్తిని? నిరుడు ఎఫ్-వన్ వీసా మీద దిగి, తేమ చూసే పరికరం తిప్పేదాన్ని. ‘గో’ అన్నాను. పైగా నవ్వుతూ అన్నాను, సిగ్గులేకుండా.

అరగంట అంతా బాగానే నడిచింది. తర్వాత పట్టీ దగ్గరున్న ఒక ఎండు సీడార్ ఒక్కసారిగా భగ్గుమంది. అందులోంచి లేచిన రవ్వలు మా తలల మీదుగా పట్టీ దాటి ఏటవాలు గడ్డిలో పడ్డాయి. రెండేళ్ల పాత గడ్డి. ఎవరో అరిచారు. కర్రకు రబ్బరు పలక బిగించిన చీపురులాంటిది పట్టుకొని నేను పిచ్చిదానిలా బాదుతున్నాను. బాదిన చోట ఆరుతోంది, పక్కన లేస్తోంది. నీళ్ల ట్రక్కు తిప్పుకొచ్చేసరికి మంట వాలెక్కేసింది. పైన రోడ్డు దగ్గర, కింద కుంట దగ్గర దానంతటదే ఆగేసరికి ఏటవాలంతా నల్లగా ఉంది. మనుషులకేమీ కాలేదు. ప్రొఫెసర్ మమ్మల్ని మూడుసార్లు లెక్కపెట్టుకున్నారు.

సాయంత్రం బూడిదలో నడిచి గూడు దగ్గరికి వెళ్లాను. పదకొండు గుడ్లూ అక్కడే ఉన్నాయి, కొన్ని చిట్లి. ముట్టుకుంటే ఇంకా వేడిగా ఉన్నాయి. అక్కడే కూర్చొని ఏడ్చాను. ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు.

“తప్పు నాది అమ్మాయ్. గాలి మారడం నాకు తెలియాల్సింది” అన్నారు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆ తర్వాత వారమంతా నేను రోజుకు ఇరవైసార్లు వాతావరణం సైట్ తెరిచాను. కాలిన నేల మీద పచ్చిక పరుచుకోవడానికి రెండు వారాలైనా కావాలి. జల్లు పడితే మేలు, త్వరగా మొలుస్తుంది. గట్టి వాన పడితే ఆ జానెడు మట్టి ఏం కావాలి? క్లాసులో కూర్చున్నా కిటికీ వైపే చూసేదాన్ని. మబ్బు కనబడితే మట్టి కొట్టుకుపోతుందని భయం, మబ్బు లేకపోతే ఇంకా మొలవలేదని భయం. “ఎప్పుడు చూసినా వెదర్, వెదర్. ఆ టీవీల వెదర్ చెప్పేటోన్ని లవ్ చేస్తున్నవా ఏంది?” అంది రూమ్మేట్. నవ్వు రాలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం వడగళ్లతో కొట్టింది. మర్నాడు ప్రొఫెసర్‌తో కలిసి వెళ్లేసరికి ఆయన కుంట గట్టు మీద నిలబడి ఉన్నారు. నీళ్లు టీ రంగులో ఉన్నాయి. ఏటవాలు మధ్యలో చీలమండ లోతు గాడి పడింది, దాని అంచున గడ్డి వేళ్లు వేలాడుతున్నాయి. చాలావరకు మట్టిని వేళ్లు పట్టుకునే ఉన్నాయని, గాడి పూడ్చుకోవచ్చని ప్రొఫెసర్ చెప్తున్నారు. ఆయన వినడం లేదు. వంగి గాడిలో చెయ్యి పెట్టి చూసి, ప్యాంటుకు తుడుచుకున్నారు.

“ఇక నా వల్ల కాదు. గాలి తెలియని మనిషి నిప్పు ముట్టుకోకూడదు. నిప్పు లేకపోతే ఈ గడ్డి ఉండదు. పక్కాయన సోయాబీన్స్ వేసుకుంటానని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. ఈ ఏడు కోతలయ్యాక ఇచ్చేస్తాను. దున్నుకోనీ.”

నాగలి ఒక్కసారి దిగిందంటే ఆ మూడు ముక్కలూ పోయినట్టే. కోళ్లు పోతాయి, ఆయన చేత్తో చల్లిన గడ్డి పోతుంది, రెండు వానలకు ఏటవాలు సున్నపురాయి అవుతుంది. ఇదంతా దేనికి? నేను నీళ్ల పక్కన తిప్పిన ఒక్క రీడింగ్‌కి. ఆయన తన మీద తనకున్న నమ్మకం పోగొట్టుకుంటున్నారు, పోగొట్టిందాన్ని నేను అక్కడే, రెండడుగుల దూరంలో, బూట్లకంటిన బురద చూసుకుంటూ నిలబడి ఉన్నాను.

రూమ్‌కి వచ్చి మొత్తం కక్కేశాను. రూమ్మేట్ చపాతీ కర్ర చేతిలో పట్టుకొనే వింది.

“నీకేమన్న దిమాక్ ఖరాబైందా? అది ఎవ్వరికి తెల్వదు. నువ్వు చెప్తే ప్రొఫెసర్ ఫండింగ్ తీసేస్తది. ఫండింగ్ పోతే వీసా స్టేటస్ పోతది. స్టేటస్ పోతే హైదరాబాద్‌కి టికెట్ బుక్ చేస్కో. నోర్మూసుకొని థీసిస్ రాస్కో!”

ఆమె అన్నదాంట్లో ఒక్క మాట కొట్టిపారేయడానికి లేదు. మూడు రోజులు నోరు మూసుకునే ఉన్నాను. అన్నం సహించలేదు. ఫోన్‌లో అమ్మ “గొంతేంటే అలా ఉంది?” అంటే జలుబన్నాను. నాలుగో రోజు పొద్దున రూమ్మేటే కారు తాళాలు తీసింది.

“నడువ్. నేను డ్రైవ్ చేస్త. నీ మొఖం చూడలేక చస్తున్న.”

పొలం గేటు దగ్గర కారాపి, “నేను ఈడనే ఉంట, పో” అంది.

ఆయన కంచె తీగ బిగిస్తున్నారు. నేను నోట్‌బుక్ తెరిచి, పెన్సిల్‌తో రాసిన ఇరవై ఎనిమిది చూపించాను. కుంట దగ్గర తిప్పిన సంగతి, చెంపకు గాలి తగిలిన సంగతి, నో అని నోటిదాకా వచ్చిన సంగతి చెప్పాను. ఇంగ్లీషు తడబడింది. చెప్పిందే మళ్లీ చెప్పాను. ఆయన పట్టకారు చేతిలోనే ఉంది.

“మరెందుకు అనలేదు?”

“మీరు పెద్దవారు. మీరు గో అన్నాక నేను కాదంటే బాగుండదు. మా ఇంట్లో అలా అనం, సర్.”

నాకు తెలిసిన మర్యాదంతా ఆ మాటలోనే ఉంది. ఆయన ముఖం ఎర్రబడింది. ఆయన కోపం నేను చూడటం అదొక్కసారే.

“నాకు చెవులు సరిగా వినబడవు. నీ థర్మామీటర్ గీతలు నాకు కనబడవు. ఇది చూశావా?” అని ఎడమ చెంప మీది మచ్చ తట్టి చూపించారు. “ఇది కోసినప్పట్నుంచి ఇటు వైపు గాలి తగిలినా తెలీదు. ఈగ వాలినా తెలీదు. ఇవన్నీ పోయాయి కాబట్టే నిన్ను అడిగాను. మర్యాదకి అడిగాననుకున్నావా?”

నేను నోట్‌బుక్ మూశాను.

“పెద్దవాణ్ననేగా నువ్వు చెప్పలేదు? పెద్దవాళ్లకి చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావు?”

“సారీ సర్” అన్నాను.

“సర్ అనకు!” అని అరిచారు. ఆవులు తలెత్తి చూశాయి. కాసేపటికి ఆయనే, “వెళ్లు. మీ ప్రొఫెసర్‌కి కూడా చెప్పు” అని మళ్లీ తీగ మీదికి వంగారు.

చెప్పాను. ప్రొఫెసర్ రిపోర్టులో నా చేతే ఆ రెండు రీడింగులూ రాయించారు, ఎక్కడ తీసుకున్నానో కూడా. ఫండింగ్ తీసెయ్యలేదు. గూళ్ల లెక్క కాలిపోయింది కాబట్టి థీసిస్ ఒక ఏడాది వెనక్కి పోయింది. రూమ్మేట్‌కి చెప్తే, “బతికిపోయినవ్ పో” అని నెత్తిన ఒక్కటిచ్చింది.

పొలం సంగతి మాత్రం తేలలేదు. ఇస్తానని ఆయన అనలేదు, ఇవ్వననీ అనలేదు. జూన్‌కల్లా ఏటవాలు మీద గడ్డి లేచింది. గాడిలో మేమిద్దరం ఎండుగడ్డి మోపులు అడ్డం పెట్టాం, పని మాటలే తప్ప వేరే మాటల్లేవు. కోతలయ్యాక అటు వెళ్లిన ప్రతిసారీ, ఆఖరి మలుపు దగ్గర నల్లటి దుక్కి కనబడుతుందేమోనని కళ్లు మూసుకునేదాన్ని. కళ్లు తెరిస్తే రాగి రంగు గడ్డే ఉండేది. ఆ రోజుకి బతికాననుకునేదాన్ని. అలా చలికాలమంతా గడిచింది.

మార్చిలో ఆయన ప్రొఫెసర్‌కి ఫోన్ చేశారు. దక్షిణపు ముక్క తగలబెడదాం, ఆఖరిసారి చూస్తాను, సరిగ్గా జరగకపోతే పక్కాయనకు ఇచ్చేస్తాను అన్నారట. ఆ అమ్మాయిని తీసుకురమ్మన్నారట.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మళ్లీ గుండ్రంగా నిలబడ్డాం. సోయాబీన్స్ అడిగిన పక్కాయన కూడా నాకెదురుగా, రబ్బరు పలక కర్ర పట్టుకొని ఉన్నాడు. నేను గడ్డి మధ్యలో, నీళ్లకు దూరంగా నిలబడి మూడుసార్లు తిప్పాను. ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై రెండు. మూడూ చెప్పాను. గాలి దక్షిణం నుంచి తిన్నగా వస్తోంది.

“ఈ ఏడు నేను ఆఖర్న చెప్తాను. అందరికన్నా చిన్నవాళ్ల నుంచి మొదలుపెడదాం” అన్నారు ఆయన. అని నా వైపు చూశారు. అందరూ చూశారు.

అంకెలు బాగున్నాయి. అయినా గాలి ఒక క్షణం ఆగి, మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది. అది గాలా, నా భయమా? ఎంత చూసుకున్నా నాకు తేలలేదు. నో అంటే ఈ పూట పోతుంది, ఈయన ఓపిక పోతుంది, పక్కాయన అక్కడే ఉన్నాడు, ట్రాక్టర్ సిద్ధంగా ఉంది. గో అంటే పదకొండు గుడ్లు. తొడ మీద ఎప్పటిదో నొప్పి నిజంగానే తెలిసింది.

ఆయన్ని పేరు పెట్టి పిలిచాను, మొదటిసారి. “నో” అన్నాను.

ఎవరూ ఎందుకని అడగలేదు. ఒకరి తర్వాత ఒకరు పైపులు చుట్టారు, ట్యాంకులు ఎక్కించారు. పక్కాయన ట్రక్కు రోడ్డెక్కేదాకా చూశాను. ఆ సాయంత్రం దాకా గాలి దిక్కు మారలేదు. గడ్డంతా ఒకే వైపు మెల్లగా ఊగింది. నిప్పు పెట్టుకోవడానికి అంతకన్నా మంచి రోజు ఆ ఏడు మళ్లీ రాదనిపించింది, నేను గేటు దగ్గర నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన ట్రక్కు నా పక్కన ఆపి, అద్దం దించారు. ఇక భూమి సంగతి చెప్తారనుకున్నాను.

“రేపు మళ్లీ అడుగుతాను” అన్నారు. “నువ్వు నో అంటే ఎల్లుండి కూడా.”